ఎనిమిదిన్నర అడుగుల రూములో ముగ్గురం: నల్లగొండలో నా డిగ్రీ ఫస్ట్ ఇయర్

2025 మే 24న, సెకండ్ సెమిస్టర్ ఆఖరి పరీక్ష రాసిన తెల్లారి, నల్లగొండల రూము ఖాళీ చేసినం. ఇప్పుడు దోస్త్‌ల డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్ ఆప్షన్లు పెట్టుకునేటోళ్లు ఇంకో నెలైతే టు లెట్ బోర్డులు చూసుకుంట ఇవే గల్లీలల్ల తిరుగుతరు. మా ఊరి పిల్లలు అప్పుడే ఫోన్ చేసి "అన్నా, రూములు ఎంతకు దొరుకుతున్నయి" అని అడుగుతున్నరు. ఎంతకు అన్నది ఒక్క మాటల చెప్పొచ్చు. అండ్ల ఉండుడు ఎట్లుంటదో ఫోన్‌ల చెప్పరాదు, అందుకే రాస్తున్న.

మాది చందంపేట మండలం. ఊరి నుంచి దేవరకొండకు వచ్చి, అక్కడ బస్సు మారి మల్లేపల్లి, గుర్రంపోడు, కనగల్ మీదుగ నల్లగొండ చేరాలె. దేవరకొండ కాడి నుంచే దగ్గర దగ్గర అరవై కిలోమీటర్లు. పాస్ తీసుకొని రోజూ పోయొద్దామనుకున్న గని, మా ఊరి బస్సును నమ్ముకుంటే మొదటి రెండు క్లాసులు ఎప్పటికీ వినను. సర్కారు హాస్టల్‌కు దరఖాస్తు పెట్టిన. "సీనియర్ల లెక్క తేలినంక చూస్తం" అన్నరు. 2024 జూలైల క్లాసులు మొదలైనయి. ఆ లెక్క తేలింది దసరా పోయినంకనే.

రూము వెతుకుడు జూలై 7, ఆదివారం మొదలువెట్టినం. నేను, కౌన్సెలింగ్ కాడ పరిచయమైన మర్రిగూడ పిల్లగాడు. ముందురోజే ఆషాఢం వచ్చింది. అది మాకు కలిసొచ్చిందని తర్వాత అర్థమైంది. ఆషాఢంల సంసారాలోళ్లు ఇల్లు మారరు. ఆ నెల రోజులు ఇల్లు ఖాళీగ పడి ఉంటది కాబట్టి, మామూలుగ "బ్యాచిలర్లకు ఇయ్యం" అని తలుపు వేసే ఓనర్లు కూడా జర మెత్తబడతరు. శ్రావణం వచ్చిందంటే ఆ మెతకతనం పోతది. పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఆషాఢంల తిరుగుండ్రి.

రామగిరి, బొట్టుగూడ, మాన్యంచెల్క, గొల్లగూడ, పానగల్ రోడ్డు, అంతట తిరిగినం. ప్రశ్నలు అన్ని ఇండ్లల్ల అవే. ఏ ఊరు, ఏం చదువుతున్నరు, నీసు వండుతరా, దోస్తులు వస్తరా. ఆఖరికి ఇంటిపేరు. ఇంటిపేరు విన్నంక అర్థం కాకపోతే "అంటే మీరేమిట్లు?" అని కులం సూటిగనే అడుగుతరు. బొట్టుగూడల ఒకామె అప్పటిదాక నవ్వుకుంట మాట్లాడి, ఆ జవాబు వినంగనే "మా తమ్ముడు వస్తనన్నడు బాబూ, యాదిమర్సిన" అన్నది. నేనేం మాట్లాడలేదు. మర్రిగూడోడు గేటు దాటినంక "ఈమెకు ఊరంత తమ్ముళ్లే ఉన్నట్టున్నరు" అన్నడు. అంతకు ముందు ఇంకో ఇంట్ల కూడా అదే తమ్ముడు తగిలిండు మరి.

దొరికిన రూము బంగ్ల మీద, నీళ్ల ట్యాంకు పక్కన. ఇనుప మెట్లు. పైన సిమెంటు రేకులు. పొడుగు ఎనిమిదిన్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. కిరాయి 2,400, ఒక నెల అడ్వాన్స్. మేడ మీద అసుంటి రూములే ఇంకో మూడు, అందరికి కలిపి ఒక బాత్‌రూమ్. ఓనర్ ఆంటీ ఇద్దరి ఆధార్ జిరాక్సులు తీసుకున్నది, కాయితం మాత్రం ఏం రాయలేదు. అడ్వాన్స్ ఫోన్‌పేలనే కొట్టినం. తర్వాత ఆ మెసేజ్ ఒక్కటే మా చేతిల మిగిలిన రుజువు.

చూసినప్పుడు రూము ఖాళీగ ఉంటది కాబట్టి చిన్నగ అనిపించదు. సామాను పెట్టినంక తెలుస్తది. దర్వాజ లోపటికి తెరుసుకుంటది. అది తిరిగేటంత జాగల ఏం పెట్టరాదు, అంటే రూముల ఒక మూల దర్వాజదే. ఇంకో దిక్కు పొయ్యి, చిన్న సిలిండర్, బియ్యం సంచి. నడుమ మిగిలిన దాండ్లనే పండుడు, తినుడు, చదువుడు. పరుపు పరిస్తే దర్వాజ తెరవరాదు. రాత్రి ఒకడు బాత్‌రూమ్‌కు పోవాలంటే ఇంకొకడు లేసి కాళ్లు మలుసుకోవాలె. రేకులు ఎంత కిందికి ఉన్నయంటే, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు అంగీ విప్పుతందుకు చేతులు లేపితే రెక్కలు తాకుతయి. మొదటి వారంల మర్రిగూడోని వేళ్లు వాచినయి. అటెన్క అంగీ బయటనే విప్పుకొని లోపటికి వచ్చుడు అలవాటైంది.

నీళ్లు పొద్దుగాల ఆరింటికి మోటర్ వేస్తే అర్ధగంట. మేడ మీద పదకొండు మందిమి. కాలేజీ టైముకు తయారు కావాలంటే బకీట్లు వరుసల పెట్టాలె. నెల తిరగకముందే నేను రాత్రి స్నానం చేసుడు మొదలువెట్టిన. తాగే నీళ్ల క్యాను ప్లాంటు కాడ నింపుకొని ఇనుప మెట్లెక్కి మోసుడు వంతులవారీగ.

కరెంటు ముచ్చట వేరే చెప్పాలె. మాకు సబ్ మీటర్, యూనిట్‌కు 8 రూపాయలు. ఆంటీ వాళ్లకు సర్కారు గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తుండె. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ జీరో పోయి మొత్తం బిల్లు కట్టుకోవాలె. మా రూములు కూడా ఆ మీటర్ కిందికే వస్తయి కాబట్టి, నెల ఆఖరుకు ఆమె మీటర్ కాడికి వచ్చి చూసుడే చూసుడు. హీటర్ వద్దు, ఇండక్షన్ వద్దు, ఐరన్ బాక్స్ వద్దు. రైస్ కుక్కర్ ఒక్కటి ఒప్పుకున్నది, అది కూడా పొద్దుమీకి ఒక్కసారే. సర్కారుకు ఏం కట్టని కరెంటుకు మా దగ్గర ఎనిమిది రూపాయలు తీసుకునుడేందని మర్రిగూడోడు గొణుగుతుండె. మెట్ల కింద నిలబడి గొణుగుతుండె లెండి, ఆంటీ ముందట కాదు.

ఆగస్టుల మూడో మనిషి వచ్చిండు. నేరెడుగొమ్ము దిక్కు అన్న, మా దూరపు చుట్టం. హైదరాబాద్ అశోక్‌నగర్‌ల హాస్టల్‌ల ఉండి సర్కారు కొలువుల కోసం గ్రూప్స్ చదువుతుండె. ఆగస్టుల ఉండాల్సిన గ్రూప్-2 డిసెంబర్‌కు పోయేసరికి, ఇంకో నాలుగు నెలలు అక్కడ హాస్టల్ పైసలు కట్టే తాకత్ లేక నల్లగొండకు వచ్చిండు. మనిషి పెరిగినందుకు ఆంటీ కిరాయి 300 పెంచింది. 2,700, తలా 900. పైసలు తగ్గినయని ఇద్దరం సంబరపడ్డం. ముగ్గురం పండుకుంటే ఒకని మోచెయ్యి ఇంకొకని పక్కల ఉంటదని ఆ రాత్రి ఎరుకైంది. దర్వాజ కాడ పండేటోనికి నిద్ర ఉండదు. అందుకే ఆ జాగ వారానికొకరికి అని రాసి గోడకు అతికించినం.

ఆగస్టు 31, శనివారం రాత్రి వాన మొదలైంది. ఖమ్మం, సూర్యాపేట దిక్కు వరదలు వచ్చిన వాన అదే. రేకులకు బోల్టులు బిగించిన కాడ సందులుంటయి, నీళ్లు అండ్ల నుంచి దిగుతయి. ముందు ఒక్క చుక్క, గంటల మూడు చోట్ల. బకీటు ఒకదాని కింద, కుక్కర్ గిన్నె ఒకదాని కింద, చెంబు ఒకదాని కింద. అవి పెట్టినంక మాకు జాగ లేదు. సర్టిఫికెట్లు, అన్న నోట్సులు ప్లాస్టిక్ కవర్లల్ల చుట్టి కడుపుల పెట్టుకొని ముగ్గురం గోడలకు ఒరిగి తెల్లారేదాక కూసున్నం. సోమవారం సెలవిచ్చిన్రు. ఆ రోజు తారు పట్టీ, ఎం-సీల్ తెచ్చి మేమే అతికించినం. 180 రూపాయలు. ఆంటీ కిరాయిల కొట్టేసుకొమ్మన్నది. నెల ఆఖరుకు మాత్రం "ఏ 180?" అన్నది.

మా నాయిన దసరా ముందు బియ్యం సంచి తీసుకొని వచ్చిండు. ఫోన్ల ఎప్పుడడిగినా "మంచిగనే ఉన్నది" అనుకుంట వచ్చిన నేను. దర్వాజల నిలబడి లోపటికి చూసిండు. లోపటికి రాలేదు. నాయిన వస్తే మా ముగ్గురిల ఒకరం బయటికి పోవాలె, ఆ సంగతి ఆయనకు చూడంగనే అర్థమైంది. ఇనుప మెట్ల మీదనే కూసొని అన్నం తిన్నడు. "మన మేకల కొట్టం ఇంతకంటె పెద్దగుంటది గదరా" అన్నడు, నవ్వుకుంటనే. పొయ్యేటప్పుడు ఐదు వందలు జేబుల పెట్టిండు. నేను వద్దన్న. ఆయన బస్టాండ్ దిక్కు నడుచుకుంట పోయిండు, ఆటో ఎక్కలేదు.

దసరా అయినంక హాస్టల్ నుంచి పిలుపొచ్చింది. చూసొద్దామని పోయిన. ఒక్కో రూముల మా రూముకు నాలుగింతల మంది, ట్రంకు పెట్టెలు మంచాల కింద పట్టక వరండాల. తిండి మాత్రం ఉన్నది, దానికి పైసలు లేవు. నవంబర్ నుంచి మెస్ చార్జీలు ఇంటర్ నుంచి పీజీ దాక నెలకు 1,500 ఉన్నవి 2,100 చేసిన్రు, తర్వాత కూర జర చిక్కగైందని అండ్ల ఉన్న దోస్తులు చెప్పిన్రు. పైసల లెక్క చూస్తే పోవాలె. నేను పోలేదు. మధ్యల నేను పోతే మిగిలినిద్దరికి కిరాయి తలా 1,350 పడతది. నాయినకు మాత్రం సీటు రాలేదనే చెప్పిన. ఇది తప్పా ఒప్పా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మీకు సీటు వస్తే మాత్రం ముందు పోయి చూడుండ్రి, వినికిడి మీద వదిలెయ్యకుండ్రి.

నవంబర్‌ల గ్రూప్-3, డిసెంబర్ 15, 16ల గ్రూప్-2. అన్న రాత్రి రెండింటిదాక చదువుతడు. మాకు పొద్దుగాల క్లాసు. లైటు మీద లొల్లి అయింది. చిన్న లొల్లి కాదు, రెండు రోజులు ఎవ్వలం మాట్లాడలేదు. ఏడున్నర అడుగుల వెడల్పుల ముగ్గురు మాట్లాడకుండ ఎట్లుంటరో అనుభవించినోళ్లకే తెలుస్తది. ఒకడు కూర గిన్నె అందుకోవాలన్నా ఇంకొకణ్ణి జరగమనాలె గద. ఆఖరికి అన్ననే అట్టపెట్టె కోసి టేబుల్ ల్యాంపుకు టోపీ లెక్క చేసిండు, వెలుగు పుస్తకం మీదనే పడేటట్టు. పొద్దంత జిల్లా గ్రంథాలయంల కూసునేటోడు. అక్కడ కూడా గ్రూప్స్ పిల్లలే నిండి ఉంటరు, తెరవకముందే గేటు కాడ ఉంటేనే కుర్చీ.

ఇగ గజ్జి. ఇది రాయాల్నా వద్దా అని చానసేపు ఆలోచించిన. ఎవ్వలు చెప్పరు కాబట్టి రాస్తున్న.

సంక్రాంతికి ఊరికి పోయొచ్చినంక మర్రిగూడోనికి వేళ్ల సందులల్ల దురద మొదలైంది. రాత్రైతే ఎక్కువ. మెడికల్ షాపాయన తామర అని ఒక ట్యూబు ఇచ్చిండు. రాస్తే రెండు రోజులు తగ్గినట్టే అనిపించి, మళ్ల నడుము చుట్టూత, చంకలల్ల లేచింది. పది రోజులకు నాకు కూడా మణికట్టు కాడ చిన్న చిన్న పొక్కులు. క్లాసుల చేతులు బెంచి కింద పెట్టుకొని గోక్కునుడు. ముందు కూసున్న ఆడపిల్లలు వెనక్కి తిరిగితే ప్రాణం పోయినట్టయ్యేది. ఇంట్ల చెప్పలేదు. చెప్తే అమ్మ "మా పిల్లగాడు ఏం మురికిల ఉన్నడో" అని ఏడుస్తది.

పెద్దాసుపత్రి చర్మం ఓపీకి పోయినం. చీటీ రాయించుకొని కూసుంటే మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసింది, అర నిమిషం పట్టలేదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న దురద గురించి కాదు, "రూముల ఎంతమంది పండుకుంటరు?"

ముగ్గురం అన్నం. మూడో ఆయన ఏడీ అన్నది. ఆయనకు దురద లేదు మేడం అన్నం. "ఇప్పుడు లేదు. మొదటిసారి అంటుకుంటే నెల దాక కూడా బయటపడదు. ముగ్గురూ ఒక్కటే రాత్రి రాసుకోవాలె. ఒక్కడు మిగిలినా మళ్ల ముగ్గురికీ వస్తది." ఇది మురికితోని వచ్చేది కాదు, చర్మం చర్మం తాకితే పాకే పురుగని కూడా చెప్పింది. ఆ మాటతోని మా తలలు జర లేచినయి.

పర్మెత్రిన్ 5 శాతం క్రీము. మెడ నుంచి అరికాళ్ల దాక, గోళ్ల కింద, బొడ్డుల, ఎక్కడ వదలకుండ రాసుకొని, రాత్రంత ఉంచుకొని, పొద్దుగాల కడుక్కోవాలె. వారానికి మళ్లొకసారి. ఒక్కొక్కరికి ఒక్కో ట్యూబు. అన్న అస్సలు ఒప్పుకోలేదు, "నాకేం లేదు, నేనెందుకు రాసుకోవాలె" అని. డాక్టరమ్మ మాట మళ్ల మళ్ల చెప్పి, ఆఖరికి కిరాయి పంచినట్టే ఇది కూడా పంచుకోవాలె అంటే నవ్వి ఒప్పుకున్నడు.

ఆ రాత్రి చలి. క్రీము ఐసు లెక్క ఉన్నది. ఒకని వీపుకు ఒకడు రాసినం. రాసినంక ఎవ్వలం ఎవ్వలిని తాకరాదు, గోడకు ఒరగరాదు, ఆ రూముల అదెట్ల సాధ్యం? నడుమ న్యూస్‌పేపర్లు పరుచుకొని, తలా ఒక పేపరు వెడల్పుల కట్టెల లెక్క పండుకున్నం. నవ్వు ఆగలేదు. పక్క రూమోళ్లు గోడ కొట్టిన్రు.

పొద్దుగాల అసలు పని. బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు అన్నీ వేడి నీళ్లల్ల ఉతకాలె. మా చిన్న పొయ్యి మీద వేడి నీళ్లు పెట్టుకుంట పోతే సిలిండర్ సగం అయిపోయింది. ఉతకరాని బొంతలు, బ్యాగులు సంచులల్ల మూతి గట్టిగ కట్టి వారం దాక ముట్టకుండ ట్యాంకు కింద పెట్టినం. మేడ మీద తాళ్లన్నీ మా బట్టలే. ఆంటీ పైకి వచ్చి "ఏంది పిల్లలూ, ఎవరి పెండ్లి?" అన్నది. ఆమెకు చెప్పలేదు. పక్క రూములోళ్లకు మాత్రం చెప్పినం. వాళ్లల్ల ఇద్దరు అప్పటికే గోక్కుంటున్నరు, మా లెక్కనే దాచిపెట్టుకొని.

క్రీము రాసినంక దురద వెంటనే పోదు. రెండు మూడు వారాలు ఉంటది, మందు పని చెయ్యలేదని అనుకొని రోజూ రాసుకోవద్దు. ఈ మాట డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఓపిక పట్టినం. ఫిబ్రవరి ఆఖరుకు పోయింది. ఆ దెబ్బతోని ఎవని దుప్పటి వానిదే, ఎవని తువ్వాల వానిదే అయింది. ఏడు నెలల కింద మొదటి రోజే ఆ పని చెయ్యమని ఎవ్వలన్న చెప్తే మంచిగుండు.

మార్చిల గ్రూప్-2, గ్రూప్-3 ర్యాంకులు వచ్చినయి. అన్న ర్యాంకు ఉద్యోగం వచ్చేది కాదు. ఆ రోజు మేమిద్దరం రూముల నుంచి బయటికి పోయి చీకటి పడ్డంకనే వచ్చినం. మనిషి ఏడవాలన్నా జర జాగ కావాలె గద.

ఎండకాలం గురించి రేకుల రూములల్ల ఉన్నోళ్లకు చెప్పేదేం లేదు. ఏప్రిల్‌ల మధ్యాహ్నం రెండింటికి లోపట ఫ్యాన్ గాలి కొలిమి గాలే. సున్నంల ఫెవికాల్ కలిపి రేకుల మీద రెండు పూతలు పూసినం, 300 రూపాయలు. జర తేడా తెలిసింది. పైన తడి గోనె సంచులు పరిస్తే ఇంకింత. అసలు ఉపాయం మాత్రం మేడ మీద పండుకునుడు. ఆంటీ మొదలు వద్దన్నది, ట్యాంకు పైపులు తొక్కుతరని. అంకుల్ ఒప్పించిండు. దోమతెరలు ట్యాంకు పైపుకు ఒకటి, డిష్ కడ్డీకి ఒకటి కట్టినం. సంవత్సరంల మొదటిసారి కాళ్లు చాపి, చేతులు చాపి పండుకున్న. నిద్ర పట్టలేదు ముందు, పక్కన ఎవ్వలూ తాకకపోతే ఏదో పోయినట్టున్నది.

ఆ నెలనే మా అమ్మ రేషన్ సన్నబియ్యం పంపింది. ఉగాదికి హుజూర్‌నగర్‌ల మొదలువెట్టిన్రు గద. అప్పటిదాక బియ్యం కొన్న పైసలు మిగిలినయి, ఆ పైసలతోనే పరీక్షల నెల గడిచింది.

ఖాళీ చేసేటప్పుడు లెక్క ఇది: అడ్వాన్స్ 2,400ల రంగుకని 600, ఆఖరి నెల కరెంటు 310 పట్టుకొని 1,490 ఇచ్చింది ఆంటీ. రంగు ఎప్పుడు వేస్తరు అని మర్రిగూడోడు అడిగిండు. ఆమె ఇనలేదు. ఫోన్‌పే మెసేజ్ చూపెట్టకపోతే అడ్వాన్స్ రెండు వేలే అని కూడా అన్నది. పొయ్యి, సిలిండర్ అన్న తీసుకున్నడు, కుక్కర్ మర్రిగూడోనికి, ల్యాంపు నాకు. వచ్చే ఏడాదికి గొల్లగూడల స్లాబు రూము ఒకటి మాట్లాడినం. టేపు పట్టి కొలిసినం, దర్వాజ బయటికి తెరుసుకుంటది. 3,600 అన్నరు, బేరం నడుస్తున్నది.

మేము సామాను దించుతున్నప్పుడే ఆంటీ ఇద్దరు కొత్త పిల్లలను తీసుకొని మెట్లెక్కింది. ఖాళీ రూము చూసి "మంచిగ పెద్దగనే ఉన్నది" అన్నడు అండ్ల ఒకడు. వాళ్లకు మూడు వేలు చెప్పింది.